నవంబర్‌లో వచ్చిన మిరుగం

గత ఆదివారం పొద్దున మా అమ్మాయి వంటింటి బల్లంతా ఆక్రమించుకుని స్కూలు వ్యాసం రాస్తోంది. పన్నెండేళ్ల పిల్ల. పుట్టి పెరిగింది భూగోళానికి దక్షిణపు కొసన ఉన్న ఈ పామర్‌స్టన్ నార్త్‌లోనే కాబట్టి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి వచ్చేదంతా ఇంగ్లీషే. తొలిరోజుల్లో అమెరికాకి వలసవెళ్లిన యూరప్‌వాళ్లు ఏ పంటలు పండించుకున్నారన్నది వ్యాసం. అది రాసింది రాసినట్టు పైకి చదువుకుంటుంటే నేను ఉల్లిపాయలు తరుగుతూ వింటున్నాను. వాళ్లు ఓడల్లో గోధుమలు, బఠానీలు పట్టుకెళ్లారట. తమ ఊళ్లో ఎలా విత్తేవాళ్లో అక్కడా అలాగే విత్తారట. ఆ నేల వాళ్ల మాట వినలేదట. చివరికి అక్కడి మూలవాసులు దగ్గరుండి ఎప్పుడు విత్తాలో చూపించి, మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి మూడూ ఒకేచోట పెట్టడం నేర్పాక గానీ వాళ్లకి కడుపు నిండలేదట. నాకు నవ్వొచ్చింది. "ఎందుకు నవ్వుతున్నావు మమ్మీ" అని అడిగితే, ఇది అమెరికా కథ కాదే, మీ నాన్నమ్మ కథ అన్నాను. సింకు దగ్గర కొత్తిమీర కడుగుతున్న మా అత్తమ్మ తల కూడా తిప్పకుండా ఒక్కటే అడిగింది.

"ఆల్లు గూడ మిరుగానికే ఏసిన్రా?"

మిరుగం అంటే మృగశిర కార్తె. తెలంగాణలో జూన్ మొదట్లో వస్తుంది. ఎండలకి పగిలిన నేల మీద తొలకరి పడుతుంది, రైతులు విత్తనాల సంచులు విప్పుతారు, ఆ రోజు ఇంటింటా చేపలు వండుకుంటారు. ఈ సంగతులన్నీ నాకు పెళ్లయ్యాకే తెలిశాయి. నేను హైదరాబాద్‌లో మూడో అంతస్తులో పెరిగినదాన్ని. మట్టితో నా పరిచయం బాల్కనీలో తులసికుండీ దాకానే. మా అత్తమ్మ మాత్రం నిజామాబాద్ వైపు ఊరామె. మామయ్య తొందరగా పోతే, పసుపూ మక్కలూ తానే పండించి మా ఆయన్ని చదివించింది. మక్కలంటే మొక్కజొన్న. నలభై ఏళ్లు చేసింది వ్యవసాయం. మోకాళ్లు మొరాయించాక పొలం తమ్ముడి కొడుకులకి అప్పజెప్పి, ఆరేళ్ల కిందట ఒక మే నెలలో మా దగ్గరికి వచ్చేసింది. మా ఆయన చదువుకోవడానికి వచ్చి ఇక్కడే సెటిల్ అయినవాడు. నేను ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. మా ఇద్దరికీ రక్తపరీక్షల గురించీ కంప్యూటర్ల గురించీ ఎంతైనా తెలుసు. ఏ నెలలో ఏది మొలుస్తుందో మాత్రం తెలియదు.

ఈ దేశంలో విమానం దిగినవాళ్లని మొదట అడిగేది పాస్‌పోర్టు కాదు, సంచిలో విత్తనాలున్నాయా అని. ఫోన్‌లో నేను నెలరోజులు భయపెట్టి ఉంచాను కాబట్టి అత్తమ్మ దాచలేదు. కొంగు ముడి విప్పి, మక్కలు, అలసందలు, గుమ్మడి గింజలు వేరువేరుగా కట్టిన మూడు చిన్న మూటలు తానే అధికారి ముందు బల్ల మీద పెట్టేసిందట. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా నవ్వి, థాంక్యూ చెప్పి, మూడింటినీ ఎర్ర డబ్బాలో పడేసిందట. గింజలు పోయాయని ఏడుస్తుందేమో, ఎలా ఊరుకోబెట్టాలా అని నేను బయట ఆలోచిస్తూ నిలబడ్డాను. ట్రాలీ తోసుకుంటూ వచ్చి, మనవరాలిని ఎత్తుకుని, నాతో అన్న మొదటి మాట ఇది. "తీస్కోనీ బిడ్డా. గింజలు యాడైనా దొరుకుతయ్. నాకు భూమి సూపెట్టు." అంతే. ఆమె స్వభావం ఏమిటో తెలుసుకోవడానికి ఈ ఒక్క మాట చాలు.

భూమి చూపించడమే కష్టమైంది. మేముండేది అద్దె ఫ్లాట్. వెనక పెరడంతా సిమెంటు. చివరికి మా వీధి డెయిరీలో, అంటే పాలు, పేపరు, చాక్లెట్లు అమ్మే చిన్న కొట్టులో, అద్దానికి అంటించిన కాగితం చూశాను. చర్చి హాలు వెనక ఖాళీ స్థలాన్ని ఇరవై మడులుగా చేసి, కూరగాయలు పెంచుకునేవాళ్లకి ఇస్తున్నారని. ఒక మడి ఆ వారమే ఖాళీ అయింది. దాని బాధ్యత చూసే పెద్దాయన రిటైరైన బడిపంతులు. ఎండైనా వానైనా వెడల్పాటి గడ్డిటోపీ పెట్టుకునే ఉంటాడు కాబట్టి అత్తమ్మ ఆయనకి టోపీసారు అని పేరు పెట్టింది. టోపీసారు మాకు మడి అప్పగిస్తూ నియమం కూడా చెప్పాడు. ఏటా మార్చిలో కోతల పండుగ జరుగుతుంది. ఆ రోజుకి ఏ మడిలో పంట లేకపోతే ఆ మడి వెయిటింగ్ లిస్టులో తర్వాతి వాళ్లకి వెళ్లిపోతుంది. నేను తెలుగులో చెబితే అత్తమ్మ టోపీసారుని పైనుంచి కిందికి చూసి, నలభై ఏళ్లల్ల తన చెల్క, అదే మెట్టపొలం, ఒక్క ఏడు ఎండలేదని చెప్పమంది. నేను చెప్పలేదు. చెప్పనందుకు తర్వాత సంతోషించాను.

జూన్ వచ్చింది. వంటింటి గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్‌లో మృగశిర కార్తె ప్రవేశం అని ఎర్రక్షరాలతో ఉంది. బయట వారం రోజులుగా ముసురు. కార్తె చూస్తే మిరుగం, ఆకాశం చూస్తే వాన. ఇంకేం కావాలి? ఆ పొద్దున అత్తమ్మ నా చేత స్నాపర్ చేప తెప్పించి పులుసు పెట్టింది. సాయంత్రం నేను సెలవు పెట్టి మరీ ఆమెతో మడికి వెళ్లాను. తోటల సామాను కొట్టులో కొన్న మక్కగింజల ప్యాకెట్ మీద, చలి పోయాక నేల వెచ్చబడినప్పుడు విత్తమని రాసుంది. నేను చదివి వినిపించాను కూడా. "చలి పుష్యమాసంల గద వచ్చేది, ఇప్పుడు యాడిది? ఈ దేశంల ఎప్పుడూ గింతే ఉంటదేమో" అంది. మేలో వచ్చిన మనిషికి ఈ దేశంలో వేసవి ఒకటుంటుందని ఎలా తెలుస్తుంది? నాకు తెలుసు. క్రిస్మస్ నాడు బీచ్‌లో ఐస్‌క్రీం తిన్నదాన్ని. జూన్ అంటే ఇక్కడ నడి చలికాలమనీ తెలుసు. కానీ నలభై ఏళ్ల వ్యవసాయానికి తులసికుండీ సలహా చెప్పడం ఏం బాగుంటుందని నోరు మూసుకున్నాను. పైగా ఇంకో ఘనకార్యం చేశాను. ఆమె చెప్పులు విప్పి మడిలోకి దిగబోతుంటే, జలుబు చేస్తుందని బతిమాలి, రెండు జతల ఉన్ని మేజోళ్లు తొడిగి, వాటి మీద మోకాళ్లదాకా వచ్చే రబ్బరు బూట్లు వేయించాను. ఆ బూట్లతోనే ఆమె సాళ్లు తీసి, జానెడు జానెడు దూరంలో, కొలిచినట్టు గింజలు పెట్టింది.

పదిహేను రోజులైనా ఒక్క మొలక రాలేదు. మట్టి తవ్వి చూస్తే గింజలు నాని, మెత్తబడి, కుళ్లిపోయి ఉన్నాయి. గింజ మంచిది కాదని వేరే కొట్టులో కొనిపించి ఆ తర్వాత వచ్చే ఆరుద్ర కార్తెకి మళ్లీ పెట్టింది. ఈసారి పొద్దున్నే వెళ్లేసరికి మడి మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా మంచు పేరుకుని ఉంది. చుట్టూ ఉన్న మడుల్లో వెల్లుల్లి, క్యాబేజీ తప్ప ఇంకేం లేవు. అవన్నీ చూస్తూ కూడా ఆమెకి ఎందుకు అర్థం కాలేదో, నేనెందుకు నోరు విప్పలేదో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. ఆ మడులవాళ్లు మేము విత్తడం చూశారు. రెండోసారీ చూశారు. చేయి ఊపి హలో అన్నారు. వాన గురించి మాట్లాడారు. అంతే తప్ప జూన్‌లో మక్కలేమిటమ్మా అని ఒక్కరూ అనలేదు. ఇక్కడివాళ్లకి మర్యాద జాస్తి. అడగందే సలహా చెప్పరు. అదే మా వైపైతే బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా రోడ్డు దాటొచ్చి తిట్టిపోయేవాళ్లు.

తర్వాత రెండు నెలలు అత్తమ్మ మడి వైపే వెళ్లలేదు. హీటర్ పక్కన కుర్చీలో కూర్చుని చేతులు చూసుకునేది. ఎవరైనా ఫోన్ చేసి ఏం చేస్తున్నావంటే, ఏం లేదు అనేది. ఆ మాట ఆమె నోట ఎప్పుడూ విని ఎరుగనని మా ఆయన నాతో చెప్పి బాధపడ్డాడు. నాకైతే ఆ బాధలో కాస్త భయం కూడా కలిసింది. వంట నేను చేస్తాను, పిల్లని స్కూలువాళ్లు చూసుకుంటారు, ఇల్లు యంత్రం తుడుస్తుంది. ఆ నాలుగు గజాల మడి పోతే ఆమెకి ఈ దేశంలో తనదని చెప్పుకునే పని ఏదీ ఉండదు. సెప్టెంబర్ మొదటి వారంలో టోపీసారు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మడిలో కలుపు మోకాలెత్తు పెరిగిందనీ, కోతల పండుగ నాటికి పంట చూపించలేకపోతే మడిని వేరే కుటుంబానికి ఇవ్వక తప్పదనీ ఎంతో నొచ్చుకుంటూ రాశాడు. నేను భయపడుతూ భయపడుతూ తెలుగులో చెప్పాను. అత్తమ్మ చివరిదాకా విని, కుర్చీలోంచి లేచింది.

"అంటే ఒక పంట కాలం ఇచ్చిన్రన్నట్టే గద. సాలు, పా."

ఆ శనివారం మేము కలుపు పీకుతుంటే పక్క మడిలో ఒక ముసలామె కనిపించింది. ఈ నేల మూలవాసులైన మావోరి ఆమె. అత్తమ్మ కంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. తెల్లజుట్టు నడినెత్తిన ముడి, చేతిలో గునపం, కాళ్లకి ఏమీ లేవు. చలికాలమంతా ఉత్తరాన కూతురి దగ్గర ఉండి ఆ వారమే తిరిగొచ్చిందట. ఇక్కడివాళ్లు ఉత్తకాళ్లతో డెయిరీకీ, స్కూలుకీ వెళ్లడం చూసి అత్తమ్మ అంతకుముందే ముక్కు మీద వేలేసుకుంది. ఈమె మట్టిలో ఉత్తకాళ్లతో నిలబడటం చూసి మాత్రం అలా చూస్తూ ఉండిపోయింది. కలుపు అయ్యాక అత్తమ్మ అలవాటుగా మక్కల ప్యాకెట్ తీయగానే ఆమె గట్టు మీదుగా వచ్చింది. మర్యాదల సంగతి ఈమెకి పట్టినట్టు లేదు. అత్తమ్మ చేతి మీద చెయ్యేసి ప్యాకెట్ మూసి, "నాట్ యెట్" అంది. తర్వాత నావైపు తిరిగి, మీ అమ్మని బూట్లు విప్పమను అంది.

నేను జలుబు, మోకాళ్లు, డాక్టర్ అని ఏదో మొదలుపెట్టాను. అత్తమ్మ నా మాట వినలేదు. గట్టు మీద కూర్చుని బూట్లు లాగేసింది, మేజోళ్లు విప్పి పారేసింది, చీర కాస్త పైకి దోపుకుని మడి మధ్యలోకి వెళ్లి నిలబడింది. ఊరు వదిలాక ఆమె అరికాలు మట్టికి తగలడం అదే మొదటిసారి. కాలు అటూ ఇటూ జరిపి చూసింది. తర్వాత ఆమె ముఖం మారింది. తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిన ముఖం. "భూమి ఇంక పండుకునే ఉన్నది బిడ్డా. ఇంత సల్లగున్న దాంట్ల గింజ పెట్టిన్నా నేను? ఊర్ల అయితే కాలు పెట్టంగనే తెలుస్తుండె. ఈ బూట్లేసుకొని క్యాలెండర్ జూసి ఇత్తిన" అంది. ఆ బూట్లు తొడిగించింది నేను. అప్పుడే చెప్పేశాను, తప్పు నాదని. ఆమె నవ్వి, జలుబు రాలేదు గదా అని నన్ను ఓదార్చింది. కంచె పక్కన ఒక కోఫై చెట్టు నిండా పసుపు పూలతో ఊగుతోంది. ముసలామె దాన్ని చూపించి, ఆ పూలు పూర్తిగా రాలి, ఆ తర్వాత నేల చల్లదనం కాలికి తెలియకుండా పోయేదాకా ఆగాలని చెప్పింది. వాళ్ల అమ్మ కూడా అలాగే చూసేదట.

అలా మొదలైంది వాళ్ల స్నేహం. ఆమెని అక్కా అని పిలుద్దామా అని నేనంటే, అత్తమ్మ ఒప్పుకోలేదు. అక్క అంటే ఎదురు చెప్పడానికి ఉండదు, వదినె అయితే కొట్లాడుకోవచ్చు అంది. కాబట్టి వదినె అయింది. వదినెకి తెలుగు రాదు, అత్తమ్మకి ఇంగ్లీషు రాదు, అయినా ఏడు వారాలు ప్రతి శనివారం ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. అత్తమ్మ మడిలో కాళ్లు పెట్టి నిలబడేది. వదినె చూసేది. "నాట్ యెట్?" అని ఈమె, "నాట్ యెట్" అని ఆమె. మా అత్తమ్మ నేర్చుకున్న మొదటి ఇంగ్లీషు అదే. ఇంట్లో కుక్కర్ మూత తీయబోతే నాట్ యెట్, మా ఆయన మడికి వేసిన పెంట కలిసిపోయిందా అంటే నాట్ యెట్. అక్టోబర్ చివరికి చుట్టుపక్కల మడుల్లో అందరూ టమాటా నారు నాటేశారు. నాకు కంగారు మొదలైంది. మార్చి దగ్గరపడుతోంది, నెలలు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాను. అత్తమ్మకి మాత్రం ఏ కంగారూ లేదు. తొందరపడి రెండుసార్లు పోగొట్టుకున్నది చాలదా అంది.

నవంబర్ మొదట్లో ఒక శనివారం. కోఫై కింద నేలంతా రాలిన పూలు వాడి గోధుమరంగుకి తిరిగాయి. అత్తమ్మ మడిలోకి దిగి నిలబడింది. ఈసారి నిమిషం కాదు, బాగా ఎక్కువసేపు. వేళ్లు మట్టిలోకి గుచ్చి చూసింది. ఆమె నోరు తెరవకముందే వదినె నవ్వడం మొదలుపెట్టింది. "లేసింది" అంది అత్తమ్మ. "నౌ" అంది వదినె. అత్తమ్మ నావైపు తిరిగి, ఇయ్యాల మిరుగం, పోయి చేప తేపో అని ఆజ్ఞ వేసింది. నవంబర్‌లో మిరుగం. నేను పరుగున వెళ్లి చేప తెచ్చాను. ఆ సాయంత్రం పులుసు గిన్నె పట్టుకుని వదినె ఇంటికి వెళితే, ఆమె ముళ్లు ఏరుకుంటూ రెండుసార్లు వడ్డించుకుంది.

విత్తడం మాత్రం అత్తమ్మ తన పద్ధతిలోనే విత్తింది. మధ్యలో మక్కలు వరసలుగా కాకుండా గుంపుగా పెట్టింది. వదినె ఇచ్చిన చిక్కుడు గింజలు మక్కల మొదట్లో, అవి పైకి పాకడానికి. అంచుల్లో వదినె ఇచ్చిన కమోకమో. అది ఇక్కడి మావోరీల గుమ్మడి, పొట్టిగా, పచ్చగా, గాట్లు పడినట్టు ఉంటుంది. ఇట్లా కలిపి పెట్టడం తమ ఊళ్లో మామూలే అని అత్తమ్మ అంది. వదినె కూడా తల ఊపింది, ఏదో తెలిసిన సంగతే విన్నట్టు. తెలియనిది టోపీసారుకే. మిగతా మడులన్నీ గీత గీసినట్టు వరసలతో, పేర్ల చీటీలతో ఉంటే, డిసెంబర్ నాటికి మా మడి చిన్న అడవి అయింది. ఏది మొక్కో ఏది కలుపో ఆయనకి తెలియలేదు. రెండుసార్లు గట్టు మీద నిలబడి, టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. నిన్న మా అమ్మాయి పుస్తకంలో చూసి చెప్పింది, ఆ వలసవాళ్లు కూడా మూలవాసుల చేలు మొదటిసారి చూసి, ఇదేం పొలం, ఇంత గందరగోళంగా ఉందనుకున్నారట. టోపీసారుని తలుచుకుని మళ్లీ నవ్వుకున్నాం.

మా ఊరి చుట్టూ కొండల మీద గాలిమరలు తిరుగుతుంటాయి. అంటే ఇక్కడ గాలికి కొదవలేదన్నమాట. జనవరిలో ఒక పొద్దున నేను డ్యూటీలో ఉండగా పెద్దగాలి వచ్చింది. సాయంత్రం వెళ్లి చూస్తే నడుమెత్తు పెరిగిన మక్కలన్నీ ఒకవైపుకి ఒరిగి నేలకి ఆనుకున్నాయి. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా, అక్కడే ఏడ్చాను. అత్తమ్మ ఒక మొక్క మొదలు పట్టుకుని కదిపి చూసి, వేరు తెగలేదు, ఏడ్సుడు ఆపి మన్ను ఎగెయ్యి అంది. వేసవిలో ఇక్కడ తొమ్మిదింటిదాకా వెలుతురుంటుంది. వదినె తన గునపంతో వచ్చింది. మా ఆయన ఆఫీసు నుంచి నేరుగా వచ్చి ప్యాంటు మడిచాడు. ఆరేళ్ల మా అమ్మాయి బొమ్మల బకెట్‌తో మట్టి మోసింది. అత్తమ్మ ఒక్కో మొక్కని చేత్తో నిలబెడుతుంటే మేము మొదట్లో మట్టి ఎగదోసి కాలితో తొక్కాం. నేనప్పటికి బూట్లు మానేశాను. వెలుతురు తగ్గేసరికి మడిలో ప్రతి మొక్కా నిటారుగా నిలబడి ఉంది. నాలుగో రోజుకి అవి తాము పడిపోయిన సంగతే గుర్తులేనట్టు పెరగసాగాయి.

మార్చిలో కోతల పండుగ. చర్చి హాలు ముందు బల్లలు వేసి, అందరూ తమ తమ కూరగాయలు పరిచారు. టోపీసారు, తోట కమిటీవాళ్లు ఇద్దరు అట్ట పట్టుకుని ఒక్కో మడి చూస్తూ వస్తున్నారు. మా మడి దగ్గరికి వచ్చేసరికి నేను అత్తమ్మ కొంగు పట్టుకున్నాను. మక్కలు టోపీసారు టోపీ కంటే మూరెడు ఎత్తున్నాయి. వాటి మీద చిక్కుడు పాకి పైదాకా వెళ్లింది. కింద నేల కనిపించకుండా గుమ్మడాకులు. ఆయన అట్ట మీద రాసుకోవడానికి పెన్ను తీశాడు. ఒక ఆకు పక్కకి తప్పిస్తే కమోకమో. ఇంకో ఆకు తప్పిస్తే ఇంకోటి. చిక్కుడుకాయలు గుత్తులు. మొక్కకి రెండేసి కంకులు. కాసేపు రాసుకుని, తర్వాత పెన్ను మూసి జేబులో పెట్టేసుకున్నాడు. అత్తమ్మ ఒక కంకి విరిచి, పైపొరలు ఒలిచి ఆయన చేతిలో పెట్టింది. చివరిదాకా ఒక్క గింజ ఖాళీ లేదు. టోపీసారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, టోపీ తీసి ఆమెకి నమస్కారంలా తల వంచాడు. ఆయన తల పూర్తిగా బట్టతల. "గీన ఎవలు?" అంది అత్తమ్మ నాతో. టోపీ లేకపోయేసరికి నిజంగానే గుర్తుపట్టలేదు.

మేము ముందురోజు ముదురు కంకులు కొన్ని కోసి, గింజలు ఒలిచి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి కచ్చాపచ్చాగా రుబ్బి తెచ్చాం. చర్చి వంటగదిలో అత్తమ్మ మక్కగారెలు వేయడం మొదలుపెట్టింది. పక్కనే వదినె తన పిండి కలిపి రొట్టెముక్కలు నూనెలో వేయిస్తోంది. మొదట వాసనకి ఇద్దరు వచ్చారు. తర్వాత వరస కట్టారు. వరస హాలు దాటి బయటి గడ్డిదాకా వెళ్లింది. టోపీసారు నాలుగు తిన్నాడు, ఐదోది రుమాల్లో చుట్టుకున్నాడు. పిండి అయిపోయాక అందరి ముందూ నిలబడి, ఈ మడి ఈమెదేననీ, ఎంతకాలం కావాలంటే అంతకాలం ఆమెదేననీ చెప్పాడు. మా ఆయన చప్పట్లు కొడుతూ కళ్లు తుడుచుకుంటున్నాడు. వదినె గరిటె ఎత్తి గట్టిగా అరిచింది. నేను తెలుగులో చెబుతుంటే అత్తమ్మ చేతుల పిండి కడుక్కుంటూ విని, అంతమందిలో ఒకే ఒక్క సంగతి టోపీసారుకి చెప్పమంది. నలభై ఒక్క ఏళ్లు అయింది, తన భూమి ఒక్క ఏడు ఎండలేదని. ఈసారి చెప్పాను.

అయితే నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉండే రోజు అది కాదు. తర్వాతి ఏడాది నవంబర్‌లో, కోఫై పూలు రాలిపోయాక, ఒక శనివారం మడుల దగ్గరికి వెళ్లాం. గట్టు పొడవునా జోళ్లు వరసగా విప్పి ఉన్నాయి. రబ్బరు బూట్లు, పని బూట్లు, పిల్లల చెప్పులు. ఎప్పుడు విత్తాలో అత్తమ్మని అడిగిన వాళ్లకల్లా ఆమె చెప్పే జవాబు ఒక్కటే, జోళ్లు విప్పమని. మా ఆసుపత్రిలో పనిచేసే ఫిలిపీన్స్ నర్సు, యూనివర్సిటీలో చదివే వరంగల్ పిల్లలిద్దరు, కొత్తగా మడి దొరికిన అఫ్ఘన్ కుటుంబం, అందరూ ఎవరి మడిలో వాళ్లు ఉత్తకాళ్లతో నిలబడి అత్తమ్మవైపూ వదినెవైపూ చూస్తున్నారు. చివరి మడిలో టోపీసారు. టోపీ ఉంది. ప్యాంటు మోకాళ్లదాకా మడిచాడు. ఎండ ఎరగని ఆ కాళ్లు ముల్లంగుల్లా తెల్లగా ఉన్నాయి. "తోటంత లేసింది" అంది అత్తమ్మ. ఆ రోజు నేను నవ్వినంతగా ఈ దేశంలో ఇంకెప్పుడూ నవ్వలేదు. అంతగా ఎప్పుడూ గర్వపడలేదు కూడా.

పాపకూర అనే ఊళ్లో ఉండే మా ఆయన స్నేహితుడు ఏటా కొత్త తెలుగు క్యాలెండర్ పంపిస్తాడు. అత్తమ్మ దాన్ని గోడకి తగిలించేముందు రెండు పనులు చేస్తుంది. జూన్ పేజీలో మృగశిర కార్తె మీద పెన్నుతో అడ్డంగా ఒక గీత గీస్తుంది. నవంబర్ పేజీలో తేదీల మీద కాకుండా, పక్కన ఖాళీలో, పెద్ద పెద్ద అక్షరాలతో మిరుగం అని రాస్తుంది. ఏ రోజని రాయదు. నిన్న మా అమ్మాయి వ్యాసం ముగిస్తూ ఆ పేజీ తిప్పి చూసి, వాళ్ల నాన్నమ్మని అడిగింది, ఈ ఏడు మిరుగం ఎప్పుడని. అత్తమ్మ కిటికీలోంచి చూసింది. ఎదురింటివాళ్ల కోఫైకి ఇంకా కొన్ని పూలు మిగిలి ఉన్నాయి. "నాట్ యెట్" అని, చెప్పులు గుమ్మం దగ్గరే వదిలి, వదినెతో శనివారం కొట్లాటకి బయల్దేరింది. ఓడల్లో గింజలు తెచ్చుకున్న ఆ పాతకాలపువాళ్లూ, కొంగున మూడు మూటలు కట్టుకొచ్చిన మా అత్తమ్మా, అందరూ తమ కాలాన్ని కూడా మూట కట్టి తెచ్చుకున్నామనే అనుకుంటారు. కాలం మాత్రం ఎక్కడికక్కడ ఆ నేలలోనే ఉంటుంది, ఉత్తకాళ్లతో వచ్చి నిలబడేవాళ్ల కోసం.